ఆల్చిప్ప, నక్షత్రము, రెక్కల గుఱ్ఱము



గంజాము జిల్లాలోని మా స్వగ్రామమున మా తాతగారి పశువులసాల పడమటి గోడకు ఒక ఇనుపపలక కట్టబడి యుండెడిది. వానజల్లు లోనికి కొట్టకుండుటకై దానిని అచ్చట నిలిపిరి. పలక నడుమ పసుపుపచ్చని ఆల్చిప్ప బొమ్మ, దానిమీద ఎఱ్ఱని ఇంగ్లీషు అక్షరములు. ఎన్నో యేండ్ల యెండకును వానకును ఓర్చియు ఆ పసుపు వెలవెలబోలేదు. మా నాయనమ్మకు ఏ భాషలోను అక్షరము రాదు. అయినను ఆమె ఆ పలకను చూపి, "అది నూనె కొట్టుదిరా, ఆల్చిప్ప నూనె" అని చెప్పెడిది. ఊరిలో చదువురానివారందఱును అట్లే చెప్పెడివారు.

నూనె అమ్మువానికి ఆల్చిప్పతో నేమి పని? ఇంకొకనికి నక్షత్రముతో, వేఱొకనికి రెక్కల గుఱ్ఱముతో నేమి పని? ఒకప్పుడు పెట్రోలు బంకులయొద్ద నిలిచిన ఇట్టి పలకలను నేడు అమెరికాలోను ఐరోపాలోను ఎందఱో వెదకి కొని గోడలకు తగిలించుకొనుచున్నారు. వారికది వేడుక. మనము వానిని కొంచెము నిదానముగా చదివినచో నూనె కంపెనీల చరిత్ర కొంత కనబడును. కొంత కనబడదు. ఆ కనబడనిదానిని గూర్చియు చెప్పవలసియున్నది.

మొదట ఒక సంగతి గమనింపుడు. ఈ కంపెనీలలో తొలితరమువి పుట్టిననాటికి లోకమున మోటారు బండి లేదు. అవి దీపపు నూనె కొఱకు పుట్టినవి. 1859 ఆగస్టు 27వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున టైటస్‌విల్ అను చోట ఎడ్విన్ డ్రేక్ అనునతడు వేయించిన బావిలో, 69 అడుగులు దాటిన లోతున, ముడినూనె పడెను. ముడినూనెను కాచినచో తేలికయైన భాగము ముందుగాను, బరువైనది వెనుకగాను ఆవిరియై వేఱు వేఱుగా దిగును. అందు నడిమి భాగమొకటి కిరసనాయిలు. ఆ పేరు పెట్టినవాడు అబ్రహాం గెస్నర్ అను కెనడా శాస్త్రజ్ఞుడు. గ్రీకు భాషలో మైనమునకున్న 'కెరోస్' అను పదమునుండి దానిని కల్పించెను. మన ఒడియా సోదరులు దానిని మాటితేల అందురు, తమిళులు మణ్ణెణ్ణెయ్ అందురు. రెండింటికిని మట్టినూనె యనియే అర్థము. కన్నడిగులు సీమె ఎణ్ణె, అనగా పరదేశపు నూనె, అందురు. వస్తువు ఎచ్చటనుండి తీయబడినదో ఒకరు చూచిరి, ఎచ్చటనుండి తేబడినదో మఱియొకరు చూచిరి.

కిరసనాయిలుకంటె ముందుగా దిగు తేలికయైన ద్రవమే నేటి పెట్రోలు. నాడు దానితో అంతగా పని లేదు. కొందఱు దానిని నేలపాలు చేసిరి, కొందఱు ఏటిపాలు చేసిరి. మఱికొందఱు అంతకంటెను చెడ్డపని చేసిరి. దానిని కిరసనాయిలులోనే కలిపి అమ్మిరి. రెండును నీటివలె తేటగానుండును గనుక సీసాలో పోసి చూచినవానికి భేదము తెలియదు. దీపము వెలిగించినపుడు మాత్రము తెలియును. దీపములు ప్రేలి ఇండ్లు కాలిపోయిన వార్తలు ఆనాటి అమెరికా పత్రికలకు క్రొత్త కాదు.

ఇదియే మన కథకు మూలము. కొనువాడు తాను కొనుదానిని పరీక్షింపజాలడు. కందులైనచో అరచేత పోసికొని చూచును, నువ్వులనూనె యైనచో వాసన చూచును. ఈ నూనె విషయమున అమ్మువానిని నమ్ముట తప్ప వేఱు దారి లేదు. 1870 జనవరిలో ఒహాయో రాష్ట్రపు క్లీవ్‌లండు నగరమున జాన్ డి. రాక్‌ఫెల్లర్ తన కంపెనీకి 'స్టాండర్డ్ ఆయిల్' అని పేరు పెట్టుటలోని ఆంతర్యము ఇదియే. మా నూనె ప్రతి పీపాలోను ఒకే ప్రమాణముగా నుండును అని ఆ పేరే చెప్పుచున్నది. సుమారు పదియేండ్లలో అమెరికాలో శుద్ధియగు నూనెలో 90 శాతము వఱకు అతని చేతిలోనికి వచ్చెను. నాణ్యమొక్కటియే అందుకు కారణమని తలపవలదు. రైలు కంపెనీలతో రహస్యముగా కుదుర్చుకొన్న కిరాయి తగ్గింపులు అంతకంటె బలమైన కారణము. ఆ సంగతి ముందు వచ్చును.

కొలతయు నమ్మకమునకు సంబంధించినదే. 1885లో ఇండియానా రాష్ట్రమున ఫోర్ట్ వేన్ పట్టణములో సిల్వేనస్ బౌజర్ అనునతడు ఒక పచారీ కొట్టువానికి కిరసనాయిలు పంపు నొకదానిని చేసి అమ్మెను. ఆ కొట్టులో నూనె పీపా ప్రక్కనే వెన్న పీపా యుండెననియు, నూనె కారి వెన్నకు ఆ కంపు పట్టగా కొన్నవారు తగవునకు వచ్చిరనియు, ఆ తగవునుండియే పంపు పుట్టెననియు చెప్పుదురు. చెక్క పీపా, అందొక గొట్టము, పైనొక పిడి, అంతమాత్రమే. 1905లో దానినే మార్చి మోటారు బండ్లకు పెట్రోలు కొలిచి పోయు పంపుగా చేసెను. ఆస్ట్రేలియాలో పెట్రోలు పంపునకు చాలకాలము 'బౌజర్' అనియే పేరు.

ఇక మా పశువులసాల ఆల్చిప్ప సంగతి. లండనులో మార్కస్ శామ్యూల్ అను వర్తకుడు 1833 ప్రాంతమునుండి పురాతన వస్తువులతోపాటు తూర్పుదేశముల గవ్వలను చిప్పలను తెప్పించి అమ్మెడివాడు. గవ్వలంటించిన చిన్న పెట్టెలన్న ఆనాటి ఇంగ్లీషు స్త్రీలకు ముచ్చట. అతని కుమారుడు, అతని పేరే గల మార్కస్ శామ్యూల్, నూనె వ్యాపారములో దిగెను. అప్పటికి ఆసియాలో అమెరికా కిరసనాయిలు రాజ్యమేలుచుండెను. అది రేకు డబ్బాలలో నింపబడి, పెట్టెకు రెండేసి డబ్బాలుగా చెక్కపెట్టెలలో అమర్చబడి, ఓడలలో వచ్చెడిది. డబ్బా, పెట్టె, వాని బరువు, అవి ఆక్రమించు చోటు, అన్నియు ఖర్చే. శామ్యూల్ ఓడనే డబ్బాగా చేయదలచెను. 1892లో అతని 'మ్యూరెక్స్' అను ఓడ నల్లసముద్రపు రేవైన బటూమునందు రష్యా కిరసనాయిలును నేరుగా తన తొట్లలో నింపుకొని, సూయజు కాలువ గుండ తూర్పునకు వచ్చెను. నూనెతొట్టి ఓడ ఆ కాలువను దాటుట అదియే మొదలు. మ్యూరెక్స్ అనగా ఒక జాతి శంఖము. ఆ వెనుక వచ్చిన ఓడలకును శంఖముల పేర్లు, చిప్పల పేర్లే పెట్టిరి.

లెక్కలన్నియు బాగుగనే కుదిరినవి గాని శామ్యూల్ ఒక సంగతి మఱచెను. డబ్బా లేకుండ నూనె చౌకగా పోసెదమన్నను ఆసియాలో కొనువారు ముందుకు రాలేదు. ఏలయన నూనె అయిపోయిన పిమ్మట మిగులు ఆ ఖాళీ డబ్బాయే వారికి సగము ఆస్తి. కావడికి కట్టినచో అది నీళ్ళబిందె, మూత పెట్టినచో బియ్యపు డబ్బా, చీల్చి చదును చేసినచో ఇంటికప్పు. మీ యిండ్లలోని పెద్దలనడిగి చూడుడు. కిరసనాయిలు డబ్బాతో చేసిన చేదను, లాంతరును, తలుపు రేకును ఎఱుగనివారుండరు. శామ్యూల్ తప్పనిసరియై తూర్పుదేశపు రేవులకు రేకులు పంపి, అచ్చటనే డబ్బాలు కట్టించెను. అమెరికా డబ్బా నీలిరంగుది గనుక తన డబ్బాకు మెఱయు ఎఱ్ఱరంగు వేయించెను. ఎఱ్ఱడబ్బా యనగా నొక కంపెనీ, నీలిడబ్బా యనగా మఱొక కంపెనీ. గుర్తుపట్టుటకు చదువుతో పని లేకపోయెను. పది భాషలు పది లిపులు గల దేశములలో సరకు అమ్మదలచినవానికి రంగును బొమ్మయు లిపికంటె ముందుగా పనికివచ్చునని నూనె వర్తకులు గ్రహించినది ఆ డబ్బాలవలననే యని నా యూహ.

1897లో 'షెల్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ ట్రేడింగ్ కంపెనీ' యేర్పడెను. దాని మొదటి గుర్తు నున్నని పొడవుచిప్ప. 1904 నుండి విసనకఱ్ఱవలె గీతలు విచ్చుకొన్న చిప్పను స్వీకరించిరి. ఈ రెండవ చిప్పకు మన దేశముతో కొంత సంబంధమున్నట్లు ఆ కంపెనీవారే చెప్పుకొందురు. శామ్యూల్ కిరసనాయిలును భారతదేశమునకు తెప్పించి 'గ్రాహం నూనె' యను పేర అమ్మిన గ్రాహం అను వర్తకుడు తరువాత కంపెనీ డైరెక్టరయ్యెననియు, అతని వంశచిహ్నములోని చిప్పయే కంపెనీ చిహ్నమైయుండవచ్చుననియు వారి మాట. 1907లో ఈ కంపెనీ సుమత్రా నూనెతో వృద్ధిపొందిన 'రాయల్ డచ్' కంపెనీతో కలిసెను.

ఇట్లుండగా విద్యుద్దీపము కిరసనాయిలును మూలకు నెట్టసాగెను. మోటారు బండి పెట్రోలును అడుగసాగెను. ఏటిలో పాఱబోసిన ద్రవమునకే గిరాకి వచ్చెను. 'పెట్రోలు' అను పేరును 1890లలో లండనులోని కార్లెస్, కేపెల్ అండ్ లియోనార్డ్ అను సంస్థ తన సరకునకు పెట్టుకొనినది. అది తమకే చెందవలెనని వారి కోరిక. కాని ఆ పేరు అందఱి నోళ్ళలోను పడి అందఱి సొత్తాయెను.

1901 జనవరి 10వ తేదీన టెక్సాస్ రాష్ట్రములో బోమాంట్ పట్టణము చెంత స్పిండిల్‌టాప్ అను దిబ్బమీద ఒక బావినుండి నూనె నూఱడుగులకు పైగా ఆకాశమున కెగసెను. దానిని అణచుటకు తొమ్మిది దినములు పట్టెను. ఆ నూనెతో క్రొత్త కంపెనీలు లేచినవి. అందొకటి టెక్సాస్ కంపెనీ. తంతి చిరునామాకై కుదించుకొన్న 'టెక్సాకో' అను మాటయే దానికి పేరుగా నిలిచెను. టెక్సాస్ రాష్ట్ర పతాకమునందలి ఒంటినక్షత్రము దానికి గుర్తాయెను. రెండవది గల్ఫ్ కంపెనీ. ఇది 1913 డిసెంబరు 1వ తేదీన పిట్స్‌బర్గు నగరమున బండి నేరుగా లోనికి వచ్చి పెట్రోలు పోయించుకొని పోవుటకు వీలుగా ప్రత్యేకముగా కట్టిన బంకును తెఱచెను. మొదటి దినమున అమ్మినది 30 గ్యాలన్లు, గ్యాలను 27 సెంట్లు. అంతకుముందు పెట్రోలు పచారీ కొట్లలోను, మందుల షాపులలోను, బండ్లు బాగుచేయుచోట్లను డబ్బాలతో పోయబడెడిది.

బంకులు హెచ్చినకొలది ఒక చిక్కు వచ్చెను. బండి పరుగెత్తుచున్నది; నడుపువానికి దారిప్రక్కనున్న బంకు కనబడుటకును దాటిపోవుటకును నడుమ కొన్ని క్షణములే వ్యవధి. అంతలో అక్షరములు చదువుట కష్టము, బొమ్మను గుర్తించుట సులభము. చదువురానివాని కొఱకు పుట్టిన ఉపాయమే చదువుకొని తీరిక లేనివానికిని పనికివచ్చినది! గుండ్రని నారింజరంగు బిళ్ళ గల్ఫ్, ఎఱ్ఱనక్షత్రము టెక్సాకో, ఆల్చిప్ప షెల్. రాత్రివేళ కనబడుటకై పంపుల నెత్తిన గాజుబుడ్లనుంచి లోపల దీపము పెట్టిరి. షెల్ వారి బుడ్డి చిప్ప యాకారముననే యుండెడిది. ఒక స్టాండర్డ్ కంపెనీ బుడ్డి కిరీటపు ఆకారముననుండెడిది. ఉత్తర కరోలినా రాష్ట్రపు విన్‌స్టన్-సేలం నగరములో 1930 ప్రాంతమున ఒక వ్యాపార సంస్థ ఏకముగా బంకునే పెద్ద ఆల్చిప్పగా కట్టించెను. అట్టివి ఎనిమిది కట్టగా ఒక్కటి మిగిలినది.

ఆ కాలపు పంపులనుగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. పంపు పైభాగమున నిలువెత్తు గాజు గొట్టముండెడిది. దానిపై గ్యాలన్ల గీతలు. బంకు మనిషి పిడి నాడించి పెట్రోలును ఆ గొట్టములోనికి ఎక్కించును. కొనువాడు కన్నులార చూచి సరేయన్న పిమ్మట అది తన బరువుతోనే క్రిందికి దిగి బండిలో పడును. ఎన్ని గ్యాలన్లో కనబడును. మురికి యున్నదో లేదో కనబడును. వెంటనే కంపెనీలు పెట్రోలునకు రంగులు వేయసాగినవి! సన్ ఆయిల్ కంపెనీ 1927లో నీలిరంగు పెట్రోలును దింపెను. కొనువాడు చూచి తెలిసికొనుటకై గాజు పెట్టినచో, చూచుటకు వేఱొక వేషమును గాజులో పోసిరి.

రెక్కల గుఱ్ఱము గ్రీకుల పురాణములోని పెగాసస్. న్యూయార్కు రాష్ట్రమున 1866లో పుట్టిన వాక్యూం ఆయిల్ కంపెనీ దానిని 1911లో దక్షిణాఫ్రికాలో తన గుర్తుగా నమోదు చేసెను. మొదట అది మన ఉచ్చైశ్రవమువలె తెల్లని గుఱ్ఱమే. జపానులో దానికి ఎఱ్ఱరంగు వేసిరి. 1931లో వాక్యూం కంపెనీయు న్యూయార్కు స్టాండర్డు కంపెనీయు కలిసినపుడు ఎఱ్ఱగుఱ్ఱము ఇద్దఱిదియు నాయెను. 1934లో డల్లాసు నగరమున 29 అంతస్తుల మాగ్నోలియా భవనముపై నియాన్ దీపములతో వెలుగుచు తిరుగునట్టి పెద్దగుఱ్ఱమును నిలిపిరి. 1974లో దాని తిరుగుట ఆగెను. క్రొత్తగా చేసిన గుఱ్ఱమును 2000 సంవత్సరము ప్రవేశించిన అర్ధరాత్రి అచ్చట వెలిగించిరి.

ఈ పలకలు అన్నేండ్లు ఎండవానలకు ఓర్చుటకు కారణము వానిమీదనున్నది రంగు కాకపోవుటయే. అది గాజు. ఇనుపరేకును పులుసునీట కడిగి మురికి వదలించెదరు. గాజును రంగునిచ్చు లోహభస్మములతో కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తని పొడిగా నూఱి, నీటితోను బంకమట్టితోను కలిపి రేకుమీద జల్లెదరు. ఆరిన పిమ్మట సుమారు 800 డిగ్రీల వేడిమిగల కొలిమిలోనికి నెట్టినచో ఆ పొడి కరిగి ఇనుమును పట్టుకొనును. మొదటి పూత నల్లనిది. అది గట్టిగా అంటుకొన్నగాని పైవి నిలువవు. పిదప ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క మాఱు: అచ్చుపలకను పఱచి, అక్కఱలేని పొడిని కుంచెతో తుడిచి, మరల కొలిమి. నాలుగు రంగుల పలక అన్నిమాఱులు నిప్పులో మునిగి లేచినదే. కన్నులు మూసికొని వ్రేలితో నిమిరినచో అక్షరముల అంచులు మెట్టుగా తగులును. మన యిండ్లలోని పింగాణిపూత గిన్నెలు ఈ జాతివే. గిన్నె క్రిందపడి పూత పెచ్చు లేచినచోట తుప్పు పట్టును గదా. పలకకు మేకులు కొట్టిన రంధ్రములయొద్దను అట్లే. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో తుక్కు ఇనుము పోగుచేసినపుడు ఇట్టి పలకలు ఎన్నో కరిగిపోయినవి. తరువాత చౌకరేకులు, ప్లాస్టిక్కు వచ్చినవి.

ఇంతవఱకు పలక చెప్పిన సంగతులు. అది చెప్పనివి ఇప్పుడు చూతము.

స్టాండర్డ్ కంపెనీ పేరు నిజాయితీకి గుర్తుగా పెట్టబడినదంటిని. అదే కంపెనీ రహస్యముగా కొన్న చిన్న కంపెనీలను పాత పేర్లతోనే నడపుచుండెడిది. రిపబ్లిక్ ఆయిల్ అను కంపెనీ తనకు ఏ గుత్తసంస్థతోను సంబంధము లేదని ప్రకటించుకొని, రాక్‌ఫెల్లర్‌పై కోపముగలవారికి నూనె అమ్మెను. అదియు స్టాండర్డ్ వారిదేయని 1905లో మిస్సోరి రాష్ట్రము వేసిన వ్యాజ్యమున బయటపడెను. రెండు పలకలు, ఒకే పెట్టె! ఈ పద్ధతులను లోకమునకు చాటినది ఐడా టార్బెల్ అను రచయిత్రి. ఆమె పెన్సిల్వేనియా నూనెబావుల నడుమనే పెరిగినది; తండ్రి ఆ వ్యాపారమున స్టాండర్డ్ ధాటికి నలిగినవారిలో నొకడు. 1902 నుండి 1904 వఱకు 'మెక్‌క్లూర్స్' పత్రికలో దస్తావేజులతో సహా ఆమె వ్రాసిన చరిత్ర దేశమును కదిలించెను. 1911 మే 15వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు ఆ మహాసంస్థను ముక్కలు చేయవలెనని తీర్పు చెప్పెను. 34 కంపెనీలు వేఱుపడెను.

ముక్కలైన వెనుకను 'స్టాండర్డ్' అను పేరు కొఱకు తగవు తీఱలేదు. న్యూజెర్సీ స్టాండర్డు వారు 1926లో ఎస్, ఓ అను రెండక్షరముల ధ్వనితో 'ఎస్సో' అను పేరు కల్పించిరి. ఇది స్టాండర్డ్ ఆయిల్‌నే తలపించుచున్నదని తక్కిన స్టాండర్డ్ కంపెనీలు కోర్టులకెక్కగా, అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో వారాపేరు వాడరాదని తీర్పు లాయెను. విసిగిపోయి 1972లో ఏ భాషలోను ఏ అర్థమును లేని 'ఎక్సాన్' అను మాటను పుట్టించిరి. బ్రిటను, కెనడా దేశములలో నేటికిని ఎస్సో పలకలే.

దీనికంటె బాధాకరమైనది 'ఎథిల్' పలక కథ. 1921లో థామస్ మిడ్గ్‌లీ అను శాస్త్రజ్ఞుడు టెట్రాఎథిల్ లెడ్ అను సీసపు సమ్మేళనమును కొంచెము కలిపినచో పెట్రోలు ఇంజనులో టకటక కొట్టుకొనక సాఫీగా మండునని కనుగొనెను. 1923 ఫిబ్రవరిలో ఒహాయోలోని డేటన్ నగరమున అది అమ్మకమునకు వచ్చెను. సీసము విషమని రోమనుల కాలమునుండి తెలిసినదే. అందుచే పేరులో సీసమను మాటను విడిచి 'ఎథిల్' అను ముద్దుపేరును మాత్రము నిలిపిరి. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున ఈ పదార్థమును తయారుచేయు పనివారికి మతి చలించెను, అయిదుగురు మరణించిరి. పత్రికలవారు ప్రశ్నింపగా మిడ్గ్‌లీ వారి యెదుటనే ఆ ద్రవముతో చేతులు కడుగుకొనెను. అంతకుముందే అతడు సీసపు విషముచే జబ్బుపడి విశ్రాంతి తీసికొన్నవాడని వారికి చెప్పలేదు. కొన్నినెలలు అమ్మకమాగి, 1926లో మరల మొదలాయెను. నాటి ఎథిల్ పంపుల పలకలు నేడు ప్రదర్శనశాలలలో చూడవచ్చును. ఎథిల్ అను పేరు పెద్ద అక్షరములలో కొట్టవచ్చినట్లుండును. ఇందు సీసమున్నది, బండ్లకు తప్ప వేఱు పనులకు వాడరాదు అను హెచ్చరిక చిన్న అక్షరములలో నుండును. పరుగెత్తు బండివాడు ఏది చదువునో పలక వ్రాసినవారికి తెలియదా? సీసపు పొగ పిల్లల మెదళ్ళకు హాని చేయునని రుజువై, అమెరికా 1996లో రోడ్డు బండ్లకు దానిని పూర్తిగా నిషేధించెను. మన దేశమున 2000లో ఆగెను. చిట్టచివర 2021లో అల్జీరియా మానెను.

ఇప్పుడు మన వైపునకు వత్తము. మా పశువులసాల పలకమీద అక్షరములు 'బర్మా-షెల్' అని. షెల్ ఎవరో చూచితిమి. బర్మా ఎవరు? ఐరావతీ నదీతీరమున యెనాంగ్యాంగ్ అను చోట బర్మావారు తరతరములుగా చేతితో త్రవ్విన బావులనుండి నూనె తోడుకొనెడివారు. 1886లో స్కాట్లండు వర్తకులు స్థాపించిన బర్మా ఆయిల్ కంపెనీ ఆ సీమలో యంత్రములతో బావులు వేసి, రంగూనునకు నది కావలి యొడ్డున సిరియమునందు పెద్ద కర్మాగారము నడపెను. ఆ కర్మాగారములోను, రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కష్టపడినవారిలో తెలుగువారు వేలకొలది. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి స్టీమరెక్కి 'రంగము' పోయిన కుటుంబములు మన పాఠకులలో నెన్నియో యుండును. యానాము చెంతనున్న కోరంగి రేవు పేర బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచిరి. 1927లో రష్యా కిరసనాయిలు విషయమై న్యూయార్కు స్టాండర్డ్‌కును షెల్‌కును పంతము పెరిగి, మన దేశపు సంతలలో నూనె ధరలు తెగిపడెను. మఱుసటి సంవత్సరము, 1928లో, షెల్ వర్గమును బర్మా ఆయిల్‌ను కలిసి భారతదేశమున అమ్మకమునకు బర్మా-షెల్ కంపెనీని పెట్టుకొనిరి.

టెక్సాకో నక్షత్రమును మన సీమకు వచ్చెను. కాలిఫోర్నియా స్టాండర్డ్‌ను టెక్సాస్ కంపెనీయు కలిసి 1936లో పెట్టిన సంస్థ కాల్టెక్స్. ఆ పేరులోనే రెండు రాష్ట్రములు దాగియున్నవి. విశాఖపట్టణము నూనెశుద్ధి కర్మాగారమును 1957లో కట్టినది వారే. ఎస్సో 1974లోను, బర్మా-షెల్, కాల్టెక్స్ 1976లోను ప్రభుత్వపరమైనవి. హిందూస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం అను పేర్లు వచ్చినవి. పాతపలకలు దింపబడినవి. అట్లు దిగినవానిలో నొకటి మా తాతగారి గోడను చేరినది.

నేను ఏడవ తరగతి చదువుచుండగా ఒకనాడు ఆ పలకముందు నిలిచి, క్రొత్తగా వచ్చిన ఇంగ్లీషు చదువును నాయనమ్మకు వినిపింపబోయి, "బర్మా" అని పైకి చదివితిని. ఆమె పేడకళ్ళెత్తుచున్నది. చేయి ఆపి, "ఏమిట్రా?" అనెను. మరల చదివితిని. "మా అన్నయ్య పోయిన బర్మాయేనట్రా అది?" అని యడిగెను. ఆమె అన్నగారు గోపాలపురము రేవున స్టీమరెక్కి రంగము పోయి సిరియము కర్మాగారములో పనికి కుదిరినవాడట. 1942లో జపాను సేనలు వచ్చినపుడు ఆ కర్మాగారమును ఇంగ్లీషువారే ధ్వంసము చేసి తరలిపోయిరి. తెలుగువారనేకులు అడవులగుండ నడిచి స్వదేశము చేరిరి. చేరినవారిలో ఆయన లేడు. ఆమె ప్రతిదినమును చూచుచున్న పలకమీద ఆయన పోయిన దేశము పేరు వ్రాసియున్నదని ఆమెకు అంతవఱకు ఎవరును చెప్పలేదు. ఆల్చిప్ప మాత్రమే చెప్పినది, అది నూనె సంగతి. నాయనమ్మ చేతులు కడుగుకొని వచ్చి, అక్షరములలో బర్మా యను మాట ఎంతవఱకో నన్ను వ్రేలు పెట్టి చూపుమనెను.

నేడు పాతపలకలకు గిరాకి హెచ్చినందున నకిలీలు చాల వచ్చినవి. క్రొత్త రేకుమీద రంగు అచ్చొత్తి, ఉప్పునీట తుప్పు పట్టించి పాతదని అమ్ముదురు. నిజమైనదానికి వ్రేలికి తగులు మెట్టుండును. పెచ్చు లేచినచోట ముందు నల్లపూత, దాని క్రింద ఇనుము కనబడును. మేకు రంధ్రముల చుట్టును తుప్పు లోనికి ప్రాకియుండును. ఆ మూడును మా పలకకు గలవు. పశువులసాల పడిపోయిన వెనుక దానిని తెచ్చి మా యింటి వసారాలో పెట్టితిని. ఎడమమూల రంధ్రమునుండి తుప్పు ప్రాకి బర్మాలోని మొదటి అక్షరము సగము పోయినది. చూడగోరు విద్యార్థులు ఆదివారము ఉదయము రావచ్చును.